నాలుగు వైపులా ఆపినవాడు

రెడ్ సిగ్నల్ పడగానే అందరూ ఫోన్ తీస్తారు. నేనూ తీస్తాను, కాకపోతే ఆ సిగ్నల్‌ని ఫోటో తీయడానికి. ఇది నా హాబీ. మా కాలేజీ ఉన్న ఊళ్ళో ఉన్నవి కొన్ని సిగ్నళ్ళే అయినా, ఒక్కోదానిది ఒక్కో తీరు. ఒకటి వేపకొమ్మల వెనక దాక్కుని ఉంటుంది, దాన్ని చూడాలంటే ముందు గీత దాటాలి. ఇంకోటి పొద్దస్తమానం పసుపు రంగులో కన్నుకొడుతూనే ఉంటుంది. మరోదాని టైమర్ సున్నాకొచ్చాక కూడా కాసేపు ఆలోచిస్తుంది. బయటి ఊళ్ళవి కూడా పోగేస్తుంటాను. అమెరికాలో సిరక్యూజ్ అనే ఊళ్ళో టిప్పరరీ హిల్ దగ్గర ఒక సిగ్నల్‌కి పచ్చ పైన, ఎరుపు కింద ఉంటాయి. అక్కడ ఎక్కువగా ఉండేది ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. ఐర్లండ్ రంగయిన పచ్చ మీద బ్రిటన్ రంగయిన ఎరుపు కూర్చోవడం వాళ్ళకి నచ్చలేదు. రాళ్ళేసి దీపాలు పగలగొడుతూ ఉంటే, చివరికి ఊరే దిగొచ్చి రంగులు తిరగేసింది.

ఇలా పోగేసినవాటిలో అన్నిటికంటే వింతైనది మాత్రం ఫోటో కాదు, ఒక పేటెంట్ డ్రాయింగ్. నంబరు 14,75,024. మంజూరైన తేదీ 1923 నవంబరు 20. అందులో ఎరుపు, పసుపు, పచ్చ దీపాలు లేవు. ఒక స్తంభం, దానికి రెక్కల్లాంటి చేతులు, ఆ చేతుల మీద ఆగు, వెళ్ళు అనే అక్షరాలు, కింద తిప్పడానికి ఒక హ్యాండిల్. మన పాత రైల్వే స్టేషన్లలో చెయ్యి వాలితే బండి వచ్చేదే, ఆ సిగ్నల్‌కి దగ్గర చుట్టం. గీసినాయన పేరు గ్యారెట్ అగస్టస్ మోర్గన్.

ఈ పేరు మీకు తగిలే ఉంటుంది. క్విజ్ పుస్తకాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ట్రాఫిక్ లైట్ కనిపెట్టినవాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క తప్పు. అయితే ఆ తప్పుని సరిచేసి ఊరుకుంటే మోర్గన్‌కి ఇంకో అన్యాయం చేసినట్టే. ఎందుకో చెప్పాలంటే ఆయన జీవితం మొదట్నుంచీ చెప్పాలి.

మోర్గన్ 1877 మార్చి 4న అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని పారిస్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఫ్రాన్సు పారిస్‌కి దీనికి పేరు తప్ప ఏ పోలికా లేదు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1865లో. అంటే ఆయన పుట్టేనాటికి పన్నెండేళ్ళు. నల్లజాతి కుటుంబం, పదకొండు మంది పిల్లలు, ఈయన ఏడోవాడు. చదువు ఎలిమెంటరీతో ఆగిపోయింది. పద్నాలుగో ఏట పని వెతుక్కుంటూ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి వెళ్ళిపోయి, ఒక ఇంట్లో చిల్లర పనులన్నీ చేసే కుర్రాడిగా కుదిరారు. వచ్చిన జీతంలోంచే డబ్బు కట్టి ఒక ట్యూషన్ మాస్టారిని పెట్టుకున్నారు. మనం సెమిస్టర్ ఫీజు గురించి ఇంట్లో అడిగేటప్పుడు ఒకసారి గుర్తుచేసుకోవాల్సిన విషయం ఇది.

1895లో క్లీవ్‌లాండ్ చేరారు. ఈరీ సరస్సు ఒడ్డున ఫ్యాక్టరీలతో పెరుగుతున్న నగరం అది. ఒక బట్టల ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరి, కుట్టుమిషన్లు ఎలా తిరుగుతున్నాయో చూస్తూ చూస్తూ వాటిని బాగుచేసే మెకానిక్ అయిపోయారు. విప్పడం, చూడటం, మళ్ళీ బిగించడం, ఇదే ఆయన బీటెక్. 1907లో సొంతంగా కుట్టుమిషన్ల రిపేరు షాపు పెట్టారు. మరుసటి ఏడు మేరీ హాసెక్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆమె బొహీమియా ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబపు తెల్లమ్మాయి, కుట్టుపనిలో చేయి తిరిగిన మనిషి. ఆ రోజుల్లో నల్లవాడు, తెల్లమ్మాయి పెళ్ళి చేసుకోవడమంటే రెండువైపులా మాటలు పడటానికి సిద్ధపడటమే. 1909లో ఇద్దరూ కలిసి ముప్పై మందికి పైగా పనిచేసే బట్టల దుకాణం తెరిచారు.

ఆయన మొదటి పెద్ద సంపాదన సిగ్నల్ వల్ల రాలేదు, జుట్టు వల్ల వచ్చింది. కుట్టుమిషన్ సూది వేగానికి వేడెక్కి ఉన్ని బట్ట మాడిపోయేది. సూదికి రాయడానికి ఒక ద్రావణం తయారుచేస్తూ, చేతికంటింది ఒక గుడ్డకి తుడిచారట. తర్వాత చూస్తే ఆ గుడ్డ మీది నూగు సాపుగా అయిపోయి ఉంది. పక్కింటివాళ్ళ ఉంగరాల బొచ్చు కుక్క మీద కొంచెం రాసి చూశారు, ఆ తర్వాత తన తల మీద. ఫలితం కనబడ్డాక 1913లో జుట్టు సాపుచేసే క్రీము అమ్మే కంపెనీ పెట్టారు. మిగతా ప్రయోగాలన్నిటికీ ఖర్చు పెట్టింది ఆ క్రీము డబ్బే.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. 1911లో న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. తర్వాతి ఏడాది మోర్గన్ పొగలో ఊపిరి పీల్చుకునే ముసుగుకి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. 1914 అక్టోబరు 13న అది వచ్చింది. డిజైన్ చూస్తే ఎంత సింపులో! తల మొత్తం కప్పే కాన్వాస్ ముసుగు, దానినుంచి వెనకగా నేల దాకా వేలాడే గొట్టం. పొగ వేడిగా ఉంటుంది కాబట్టి పైకి లేస్తుంది, నేలకి దగ్గర్లో గాలి కాస్త శుభ్రంగా, చల్లగా ఉంటుంది. ఆ గాలిని పీల్చాలి. గొట్టం చివర తడి స్పాంజి పొగ కణాల్ని పట్టేస్తుంది, గాలిని చల్లబరుస్తుంది. ఫస్టియర్‌లో చదివే సాంద్రత, ఉష్ణోగ్రత సంబంధమే తప్ప అందులో మంత్రమేమీ లేదు. దానికి హద్దులూ ఉన్నాయి. అది ఆక్సిజన్ తయారుచెయ్యదు. కింద కూడా గాలి పూర్తిగా చెడిపోతే అది కాపాడలేదు. మొదటి ప్రపంచయుద్ధపు గ్యాస్ మాస్కు ఈయనదేనని కూడా కొన్నిచోట్ల రాస్తారు. ఆ మాస్కులు విషవాయువుని రసాయనాలతో, బొగ్గుతో పట్టే వేరే దారిలో వచ్చాయి.

వస్తువు పనిచేస్తుంది. అమ్మాలి. అమ్మడం దగ్గర గోడ అడ్డొచ్చింది. అగ్నిమాపక శాఖలు కొంటాయి, కానీ నల్లవాడు చేసిందని తెలిస్తే, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, కొనరు. అందుకని మోర్గన్ ఒక నాటకం వేశారు. ఊరూరా ప్రదర్శన పెట్టి, ఒక తెల్ల నటుణ్ణి ముందుంచి ఇదిగో కనిపెట్టినాయన ఇతనే అని పరిచయం చేయించేవారు. తను మాత్రం కెనడా నుంచి వచ్చిన ఆదివాసీ మనిషిలా, బిగ్ చీఫ్ మేసన్ అనే పేరుతో పక్కన నిలబడేవారు. గుడారంలో తారు, గంధకం, ఫార్మాల్డిహైడ్, పేడ కలిపి పొగబెట్టేవారు. ఆ బిగ్ చీఫ్ ముసుగు తగిలించుకుని లోపలికెళ్ళి ఇరవై నిమిషాల దాకా ఉండి, ఏమీ కానట్టు బయటికొచ్చేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆర్డర్లు వచ్చేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తన ప్రాజెక్టు తనే డెమో ఇస్తూ, ఇది నాది కాదు అని నటించాలి. లోపల ఊపిరి బిగబట్టి నిలబడిన మనిషి తనే, బయట చేతులూపి శభాష్ అనిపించుకునేది ఇంకొకడు. టీమ్ ప్రాజెక్టులో మన పేరు మూడో లైన్లో వేస్తేనే మనకి మండుతుంది కదా!

1916 జులై 24 రాత్రి. క్లీవ్‌లాండ్‌కి తాగునీళ్ళ కోసం ఈరీ సరస్సు అడుగున సొరంగం తవ్వుతున్నారు. ఒడ్డుకి మైళ్ళ దూరంలో, నీళ్ళ మధ్య, అయిదో నంబరు క్రిబ్ కింద గ్యాస్ పేలింది. లోపల కార్మికులు చిక్కుకుపోయారు. రక్షించడానికి దిగిన మొదటి జట్టు తిరిగి రాలేదు. రెండో జట్టు కూడా అక్కడే కూలిపోయింది. అర్ధరాత్రి దాటాక ఎవరికో మోర్గన్ ముసుగు గుర్తొచ్చి కబురు పంపారు. ఆయన ఉన్న బట్టలతోనే, సోదరుడు ఫ్రాంక్‌ని తీసుకుని ముసుగులతో సహా వచ్చేశారు. ఇద్దరు జట్లు జట్లుగా పోయిన చోటికి గుడ్డ ముసుగుతో దిగుతామంటే చూస్తున్నవాళ్ళకి నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? మోర్గన్ ముందు తనే దిగారు. ఆ చీకట్లో, ఆ గ్యాస్‌లో వెతికి ఒక మనిషిని మోసుకొచ్చారు. మళ్ళీ దిగారు. ప్రాణంతో ఇద్దరు బయటపడ్డారు, ఆ తర్వాత చనిపోయినవాళ్ళ శవాల్ని పైకి తెచ్చారు. ఆ ప్రమాదం ఇరవై మంది దాకా ప్రాణాలు తీసింది.

ఇక్కడ నాటకం లేదు. గుడారం లేదు, బిగ్ చీఫ్ లేడు. తన ముఖంతో, తన పేరుతో దిగారు. మరి ఏమైంది? పత్రికలు వేరేవాళ్ళ సాహసం గురించి రాశాయి. కార్నెగీ హీరో ఫండ్ పతకం ఆ రాత్రి సేవకి వేరేవాళ్ళకి దక్కింది, మోర్గన్‌కి దక్కలేదు. ఆయన ఊరుకోలేదు. నగర మేయర్‌కి ఉత్తరం రాసి, తనకి జరిగింది అన్యాయమని సూటిగా అడిగారు. క్లీవ్‌లాండ్ పౌరులు కొందరు కలిసి బంగారు పతకం చేయించి ఇచ్చారు, అగ్నిమాపక ఇంజనీర్ల సంఘం కూడా గౌరవించింది. కానీ ఇంకో దెబ్బ తగిలింది. ముసుగు కనిపెట్టింది నల్లవాడని ఈ సంఘటనతో బయటపడి, దక్షిణాది నుంచి ఆర్డర్లు వెనక్కి పోయాయి. ఆ వస్తువు పనిచేస్తుందని ఇంతకంటే పెద్ద రుజువు ఇంకేం కావాలి? రుజువు దొరికిన రోజే కొనేవాళ్ళు తగ్గారు. నాకు ఈ కథ మొత్తంలో మింగుడుపడనిది ఇదే.

ఆయన మాత్రం ఊరు విడిచిపోలేదు. 1908లోనే క్లీవ్‌లాండ్ నల్లజాతివారి సంఘం ఏర్పాటులో చెయ్యి వేసినవారు, 1920లో క్లీవ్‌లాండ్ కాల్ అనే పత్రిక మొదలుపెట్టారు. తమ వార్త వేరేవాళ్ళు రాయకపోతే తామే రాసుకోవాలని అనుభవం మీద తెలిసినవాడు కదా. అది తర్వాత కాల్ అండ్ పోస్ట్‌గా మారి చాలాకాలం నడిచింది.

ఇప్పుడు సిగ్నల్ దగ్గరికొద్దాం. ట్రాఫిక్ సిగ్నల్ అప్పటికి కొత్త కాదు. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు ముందు రైల్వే ఇంజనీరు జాన్ పీక్ నైట్ ఆలోచనతో ఒక చేతుల సిగ్నల్ పెట్టారు, రాత్రిళ్ళు గ్యాస్ దీపాలతో. నెల రోజులు తిరక్కుండానే గ్యాస్ లీకై పేలి, తిప్పుతున్న పోలీసు గాయపడ్డాడు. మోర్గన్ ఊరు క్లీవ్‌లాండ్‌లోనే, 1914 ఆగస్టు 5న యూక్లిడ్ అవెన్యూ, ఈస్ట్ 105వ వీధి కూడలిలో ఎరుపు, పచ్చ కరెంటు దీపాలు వెలిగాయి. రంగు మారబోతోందని చెప్పడానికి బజర్ మోగేది. 1920లో డెట్రాయిట్ పోలీసు విలియం పాట్స్ నాలుగు వైపులకీ మూడు రంగులు పెట్టారు. అంటే మన కూడళ్ళలోని మూడు కళ్ళ పెట్టెకి తాత పాట్స్, మోర్గన్ కాదు.

మరి మోర్గన్ చేసిందేమిటి? అప్పట్లో వీధుల్లో గుర్రబ్బళ్ళు, సైకిళ్ళు, కార్లు, నడిచేవాళ్ళు అందరూ ఒకే రోడ్డు మీద. మన సంతరోజు సెంటర్ లాగే అనుకోండి. చేత్తో తిప్పే చాలా సిగ్నళ్ళకి రెండే స్థితులు, ఆగు, వెళ్ళు. ఇటు ఆగు అన్న క్షణంలోనే అటు వెళ్ళు అయిపోయేది. కూడలి మధ్యలో ఉన్న బండి సంగతి? సగం రోడ్డు దాటిన మనిషి సంగతి? ఒక కూడలిలో కారు, గుర్రబ్బండి గుద్దుకోవడం చూశాక మోర్గన్ ఈ పనికి దిగారని చెబుతారు. ఆయన డిజైన్‌లో మూడో స్థితి ఉంది. హ్యాండిల్ తిప్పితే చేతులు పైకి లేస్తాయి, అప్పుడు నాలుగు వైపులవాళ్ళకీ కనబడేది ఆగు. ఎవరూ కదలరు. మధ్యలో ఉన్న బండ్లు బయటికి పోతాయి, నడిచేవాళ్ళు దాటతారు. ఆ తర్వాతే రెండోవైపుకి దారి. జనం పల్చబడ్డాక చేతుల్ని సగంలో నిలిపి వదిలేయొచ్చు, చూసుకుని వెళ్ళమని దానర్థం. అంటే మా ఊళ్ళో పొద్దస్తమానం కన్నుకొట్టే పసుపు దీపం చెప్పే మాటే. పైగా కరెంటు మీద ఆధారపడకుండా, చవగ్గా చెయ్యగలిగినది.

ఇందులో ఇంజనీరింగ్ ఎక్కడుందో మన లెక్కలో చూద్దాం. ఇవాళ ట్రాఫిక్ ఇంజనీర్లు ప్రతి కూడలికీ రెండు చిన్న సమయాలు లెక్కకడతారు. ఒకటి పసుపు, రెండోది అన్ని వైపులా ఎరుపు. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి సుమారు 11 మీటర్లు. డ్రైవరు తేరుకోవడానికి 1 సెకను. తర్వాత, వేగాన్ని బ్రేకు మందగమనానికి రెట్టింపుతో భాగించాలి. సెకనుకి సెకనుకి 3 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే 11ని 6తో భాగించాలి, దాదాపు 1.8. మొత్తం దగ్గర దగ్గర 3 సెకన్ల పసుపు. ఇక అంతా ఎరుపు. కూడలి వెడల్పు 20 మీటర్లు, బండి పొడవు 5 మీటర్లు, కలిపి 25. దాన్ని 11తో భాగిస్తే 2.3 సెకన్లు. ఆఖరున లోపలికొచ్చిన బండి తోకతో సహా బయటపడటానికి పట్టే సమయం అది. మోర్గన్ దగ్గర ఈ సూత్రం లేదు, ఆయన హ్యాండిల్ తిప్పే పోలీసు కంటిచూపే టైమర్. కానీ ఆ ఖాళీ ఉండాలి, దానికి యంత్రంలోనే ఒక చోటు ఇవ్వాలి అన్న ఆలోచన ఆ డ్రాయింగ్‌లో స్పష్టంగా ఉంది.

ముసుగునీ, సిగ్నల్‌నీ పక్కపక్కన పెడితే నాకు ఒకే మనిషి బుర్ర కనిపిస్తుంది. రెండూ ఖరీదైన కొత్త పదార్థంతో చేసినవి కావు. ఉన్న గుడ్డ, ఉన్న స్పాంజి, ఉన్న ఇనుప కడ్డీ. రెండూ అడిగే ప్రశ్న కూడా ఒకటే, ఇరుక్కుపోయినవాడు బయటికి ఎలా రావాలి? పొగలో ఇరుక్కున్నవాడికి నేల దగ్గరి గాలి. కూడలిలో ఇరుక్కున్నవాడికి అందరూ ఆగిన రెండు సెకన్లు.

సిగ్నల్ తర్వాత కూడా ఆయన పరుగు ఆగలేదు. నల్లవాళ్ళని క్లబ్బుల్లోకి రానివ్వని రోజుల్లో, వేక్‌మన్ దగ్గర పొలం కొని వాళ్ళ కోసం కంట్రీ క్లబ్బు పెట్టారు. 1931లో క్లీవ్‌లాండ్ సిటీ కౌన్సిల్‌కి నిలబడి ఓడిపోయారు. 1943 నుంచి గ్లాకోమా వల్ల చూపు పోతూ వచ్చింది. నాలుగు వైపులా కనబడే సిగ్నల్ చేసినవాడికి చివరి ఇరవై ఏళ్ళు ఏ వైపూ సరిగా కనబడలేదు. అయినా పని మానలేదు. 1963లో, ఎనభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు. క్లీవ్‌లాండ్ లేక్ వ్యూ శ్మశానంలో సమాధి ఉంది.

ఏ సొరంగం దగ్గర ఆయన పేరు చెప్పడానికి ఊరు మొహమాటపడిందో, ఆ ఊరి నీటిశుద్ధి కేంద్రాల్లో ఒకదానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. 1991లో పెట్టారు. అంటే డెబ్బై అయిదేళ్ళు పట్టింది. అమెరికా రవాణా శాఖ 1997లో విద్యార్థుల కోసం ఆయన పేరు మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ ఫార్వర్డు సంగతి. ట్రాఫిక్ లైట్ కనిపెట్టినవాడు అని మోర్గన్‌ని పొగిడేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పొగుడుతారు, నాకు తెలుసు. అయితే దానికి ఫలితం చూడండి. తెలిసినవాడెవడో వచ్చి పాట్స్ పేరు చెప్పగానే ఆ పొగడ్త కూలిపోతుంది, దాంతోపాటు మోర్గన్ కూడా ఉత్త పుకారు అనిపిస్తాడు. బతికున్నప్పుడు ఆయన చేసినదాని మీద వేరేవాడి ముఖం పెట్టారు. పోయాక వేరేవాళ్ళు చేసినదాని మీద ఆయన ముఖం పెడుతున్నారు. రెండింటిలోనూ అసలు మోర్గన్ కనబడడు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయనకి తక్కువేమీ కాదు. తన ముసుగు మీద నమ్మకంతో ముందు తనే సొరంగంలో దిగిన మనిషి ఆయన. కూడలిలో అందరూ ఆగే క్షణానికి యంత్రంలో చోటిచ్చిన మనిషి. అది చాలు.

క్లబ్ సభ్యులకి ఒక చిన్న హోంవర్క్. ఈసారి మన సెంటర్లో ఇటు ఎరుపు పడ్డాక అటు పచ్చ పడటానికి మధ్య ఎన్ని సెకన్లుందో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. పైన చెప్పిన లెక్కతో పోల్చండి. తక్కువుంటే రాసి పెట్టండి, అందరం కలిసి ట్రాఫిక్ పోలీసులకి అర్జీ ఇద్దాం. ఆ రెండు సెకన్లలో హారన్ కొట్టేవాళ్ళు మనలో కూడా ఉన్నారు. వాళ్ళకి ఈ వ్యాసం లింకు పంపండి.